అండమాన్ రంగుల స్లైడ్లు: కాగితానికి ఎక్కని చరిత్ర

అండమాన్ నికోబార్ దీవుల ఛాయాచిత్ర చరిత్రలో ఒక వైపరీత్యం కనిపిస్తుంది. 1890ల దశకంలో మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అనే బ్రిటిష్ అధికారి అండమానీయులను గళ్ల తెర ముందు నిలబెట్టి, కొలతలకు లొంగే వస్తువులుగా చిత్రించాడు. ఆ దృష్టి గర్హనీయం. అయినా ఆ చిత్రాలు ప్లాటినం ముద్రలై లండన్ చేరాయి. నూరేళ్లు దాటినా నిలిచి ఉన్నాయి. స్వాతంత్ర్యానంతరం ఇదే నేలపై రంగుల స్లైడు ఫిల్ముతో తీసిన చిత్రాలకు ఆ భాగ్యం అరుదుగా దక్కింది. రఘుబీర్ సింగ్ తీసిన అండమాన్ ఆదివాసుల చిత్రాలు 1975 జూలైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వెలువడ్డాయి. లోకం చూసింది అచ్చుపుటలనే గాని డార్క్‌రూములో ఒక చేయి శ్రద్ధతో తీసిన ప్రింటును కాదు.

స్లైడు స్వయంసంపూర్ణమనీ, తెరపై వేసి చూస్తే చాలుననీ ఒక వాదం ఉంది. ఈ వాదం స్లైడు ఆయుష్షునే హరిస్తుంది. చీకటిలో దశాబ్దాల పాటు రంగు చెక్కుచెదరని కోడాక్రోమ్, ప్రొజెక్టరు దీపపు వెలుగులో త్వరగా వెలిసిపోతుంది. ఏడాదిలో అధికభాగం తేమతో నిండి ఉండే ద్వీపవాతావరణంలో బూజు ఫిల్ముపై ఉన్న జిలాటిన్ పొరనే ఆహారం చేసుకుంటుంది. స్లైడు మూలప్రతి, మూలప్రతిని ప్రదర్శనకు అరగదీయడం సంరక్షణ అనిపించుకోదు.

స్కాన్ చేసి కంప్యూటరులో దాచితే సమస్య తీరినట్లేనన్నది రెండవ వాదం. స్కానింగు అవసరమే, అది చాలుననడమే పొరపాటు. అండమాన్ వెలుగు కఠినమైనది. ఒకవైపు పగడపు ఇసుక తెల్లదనం, మరొకవైపు కారడవి నీడ. స్లైడు ఈ రెండింటినీ తనలో ఇముడ్చుకోగలదు, కాగితం ఇముడ్చుకోలేదు. ఇసుకను కాపాడదలచి వెలుగు తగ్గిస్తే, నీడలో నిలిచిన ఓంగీ మనిషి ముఖం నల్లని మచ్చగా మిగులుతుంది. ముఖాన్ని కాపాడదలచి వెలుగు పెంచితే తీరం తెల్లగా మాసిపోతుంది. అనుభవజ్ఞుడైన ముద్రకుడు తక్కువ కాంట్రాస్టు గల నలుపు-తెలుపు మాస్కును స్లైడుతో జతపరచి, రెంటినీ నిలబెడతాడు. ఇది కేవలం సాంకేతిక సూక్ష్మం కాదు. ఒక మనిషి ముఖం చరిత్రలో కనిపించాలా వద్దా అన్న నిర్ణయం. కంప్యూటరులోనూ నీడను తేటపరచవచ్చు గదా అన్న ప్రశ్న న్యాయమైనదే. కాని వేల స్లైడ్లను యంత్రానికి గంపగుత్తగా అప్పగించే చోట, ఒక్కొక్క ముఖం వద్ద ఆగి చూసేదెవరు? డార్క్‌రూములో ఆగక తప్పదు.

నెగటివ్ నుండి ప్రింటు తీయడం కంటె స్లైడు నుండి తీయడం కష్టతరం. మామూలు కాగితంపై స్లైడు తలకిందులైన రంగులనే ఇస్తుంది. అందుకే ప్రత్యేక పద్ధతులు పుట్టాయి. 1963లో వెలుగు చూసిన సిబాక్రోమ్ వాటిలో ప్రసిద్ధం. తరువాత దానికే ఇల్ఫోక్రోమ్ అన్న పేరు వచ్చింది. దానిలో రంగులు ముందుగానే కాగితపు పొరలలో ఉంటాయి. వెలుగు పడిన మేరకు రంగు హరించుకుపోతుంది, మిగిలినది చిత్రమవుతుంది. ఆ రంగులు చిరస్థాయికి పేరొందాయి. 2011లో దాని ఉత్పత్తి ముగింపును ప్రకటించారు. తలుపు తెరిచి ఉన్న అర్ధశతాబ్ది కాలం చేజారింది.

ఐతే దారులన్నీ మూసుకుపోలేదు. స్లైడు నుండి ఇంటర్‌నెగటివ్ తీసి, దాని నుండి ప్రింటు తీయవచ్చు. నేటికీ తయారవుతున్న రంగు నెగటివ్ కాగితాన్నే మొదట నలుపు-తెలుపు డెవలపరులో ముంచి, పిదప వెలుగు చూపి, ఆపై రంగు డెవలపరులో ముంచే తిరోగమన పద్ధతీ ఉంది. ఓపిక, సంపూర్ణమైన చీకటి, ఉష్ణోగ్రతపై అదుపు, ప్రయోగాలకు కొంత కాగితం కావాలి. ఇవేవీ ప్రభుత్వసంస్థల శక్తికి మించినవి కావు.

మరొక అంశం విస్మరించరానిది. ఆదివాసుల రక్షణకై 1956లో వచ్చిన నిబంధనావళి ఈ దీవులలో అమలులో ఉంది. అయినా 2012లో జారవా స్త్రీలచేత నాట్యం చేయించిన వీడియో ప్రపంచమంతా పాకి దేశానికి తలవంపులు తెచ్చింది. కంప్యూటరు ఫైలుకు కంచె వేయడం దుస్సాధ్యం. ప్రింటుకు ఒక సంఖ్య, ఒక బీరువా, ఒక బాధ్యుడు ఉంటారు. అంతేగాక, స్ట్రెయిట్ ద్వీపంలోని గ్రేట్ అండమానీయులకు, డ్యూగాంగ్ క్రీక్‌లోని ఓంగీలకు తమ పూర్వుల రూపం చేతికి అందవలసి ఉంది. చేతిలోని ప్రింటును చూడడానికి ప్రొజెక్టరు అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు, ఎవరి అనుమతీ అక్కరలేదు.

కనుక స్లైడ్లు గల ప్రతి సంస్థా మూడు పనులు చేపట్టాలి: చల్లని పొడి గదిలో మూలప్రతులను భద్రపరచడం, ముఖ్యమైనవాటిని ఎంచి డార్క్‌రూములో ప్రింట్లు తీయించడం, ఆ విద్యను ద్వీపయువతకు నేర్పడం. ప్రింటు వెనుక ముద్రకుని పేరు, తేదీ ఉండాలి. చిత్రంలోని మనుషుల వారసులకు మొదటి ప్రతి చెందాలి. తమను కొలిచినవాడి చిత్రాలు లండన్‌లో పదిలంగా ఉండగా, స్వదేశీయులు తీసిన రంగులు బూజు పాలు కావడం స్వతంత్ర దేశానికి శోభనివ్వదు.