మంచుకు వెళ్లేముందు ఇసుకలో వెతకడం నేర్చుకుందాం

యూఏఈలోని తెలుగు కుటుంబాలకు, స్నేహబృందాలకు, తెలుగు సంఘాలకు, మనకు టూర్లు అమ్మే ట్రావెల్ డెస్కులకు విజ్ఞప్తి

నేషనల్ డే సెలవులు దగ్గరపడితే చాలు, కరామాలో, బర్ దుబాయ్‌లో, షార్జా రోలాలో ఎవరిని కదిపినా జార్జియా మాటే. యూఏఈ రెసిడెన్సీ ఉంటే ఆ దేశానికి ముందుగా వీసా తీసుకోవలసిన పని చాలాకాలంగా లేదు. నాలుగు గంటల్లోపు విమాన ప్రయాణం. తిబిలిసిలో దిగి కారెక్కితే సుమారు 120 కిలోమీటర్ల దూరంలో గుడౌరి. ఇంకొందరు కజకిస్తాన్ వెళ్లి ఆల్మటీ పక్కనున్న షింబులాక్ చూస్తారు. సెలవుకు ఇండియా వెళ్లినవాళ్లు అటునుంచి అటే గుల్మార్గ్ వెళ్తారు. పిల్లలకు మంచు చూపించాలన్న కోరిక న్యాయమైనదే. ఎవరినీ వెళ్లొద్దనడం మా ఉద్దేశం కాదు.

మేం అడిగేది ఒక్కటే. తాళ్లు కట్టి, జెండాలు పాతి, రోజూ చదునుచేసే దారి దాటి మంచులోకి అడుగుపెట్టే ప్రతి మనిషి ఒంటిమీద రేడియో సంకేతం పంపే, అందుకునే బీకన్ ఉండాలి. వీపు సంచిలో మంచులోకి గుచ్చి వెతికే ప్రోబ్ కడ్డీ, పార ఉండాలి. వాటితో మనిషిని వెతికి తీయడం విమానం ఎక్కకముందే, ఇక్కడే, మన చుట్టూ ఉన్న ఇసుకలో సాధన చేసి ఉండాలి. ఈ మూడూ లేని బృందం తాడు దాటకూడదు. గైడు రమ్మన్నా దాటకూడదు.

స్కీ దుబాయ్‌లో 2005 నుంచి మంచు ఉంది. అక్కడి 400 మీటర్ల వాలు మీద మన పిల్లలు చాలామంది స్కీయింగ్ నేర్చుకున్నారు. కానీ అది కప్పు కింది మంచు, మనిషి పరిచిన మంచు. కొండ మీద మంచు పొరలు పొరలుగా పడుతుంది. గాలి ఒకచోటి మంచును ఎత్తుకెళ్లి మరోచోట పోగేస్తుంది. అడుగున బలహీనమైన పొర ఒకటి ఉంటే పైనున్న పలక మొత్తం ఒక్క మనిషి బరువుకే విరిగి జారిపోవచ్చు. సుమారు 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఇది ఎక్కువగా జరుగుతుంది. స్కీయింగ్‌కు సరదాగా ఉండే వాలు కూడా సరిగ్గా అదే. మంచు చరియలో చిక్కుకున్న స్కీయర్లలో ఎక్కువమంది విషయంలో ఆ చరియను కదిలించింది వాళ్లో, వాళ్ల బృందంలోని మరొకరో.

“మేం స్కీ చేయం కదా, ఫోటోలు దిగి వచ్చేస్తాం” అనేవాళ్లే మనలో ఎక్కువ. స్నోమొబైల్ ఎక్కించి ‘మంచి వ్యూ’ ఉన్నచోటికి తీసుకెళ్తామంటే కాదనేవాళ్లు ఎంతమంది? ఆ బండి తాడు దాటిందో లేదో మనకు తెలియదు. పైన ఉన్న వాలు ఏ స్థితిలో ఉందో అంతకన్నా తెలియదు. చరియ పైనుంచి వచ్చేటప్పుడు కింద నిలబడ్డవాడి కాళ్లకు స్కీలున్నాయా బూట్లున్నాయా అన్నది దానికి పట్టదు. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. తండ్రికి బీకన్ కట్టి, వెనక కూర్చున్న కూతురికి కట్టకుండా బండి కదిలితే ఆ బండిని ఆపండి.

కదిలే మంచులో కూరుకుపోయిన మనిషి పరిస్థితి ఏమిటో చెప్పాలి. మంచు జారినంతసేపు ద్రవంలా ఉంటుంది. ఆగిన మరుక్షణం సిమెంటులా బిగుసుకుంటుంది. వేలు కూడా కదలదు. పైకేదో కిందికేదో తెలియదు. అరిచినా పైవాళ్లకు వినపడదు. నోటిముందు వెచ్చటి ఊపిరికి కరిగిన మంచు మళ్లీ గడ్డకట్టి పొరగా మారుతుంది. వదిలిన గాలినే మళ్లీ పీల్చవలసి వస్తుంది. చనిపోయేవాళ్లలో అత్యధికులు ఊపిరాడకే పోతారు. స్విట్జర్లాండ్‌లో నలభై ఏళ్ల ప్రమాదాలను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పది నిమిషాల్లోపు బయటికి తీసినవాళ్లలో నూటికి 90 మందికి పైగా బతికారు. అరగంట అయ్యేసరికి ఆ సంఖ్య నూటికి 30 దగ్గరికి పడిపోయింది.

ఆ పది నిమిషాల్లో హెలికాప్టర్ రాదు. ఆల్ప్స్ లాంటి చోట్ల కూడా సాధారణంగా రాదు, కాకసస్ పర్వతాల సంగతి వేరే చెప్పాలా. ఫోన్ చేసి, ఎక్కడున్నామో చెప్పి, వాళ్లు బయల్దేరేలోపే ఆ సమయం అయిపోతుంది. కనుక మంచు కింద ఉన్న మనిషిని బతికించగలిగేది అప్పటికే పైన నిలబడి ఉన్న మనిషి: భార్య, తమ్ముడు, రూమ్‌మేట్. వాళ్ల చేతిలో పరికరం ఉండాలి, ఆ చేతికి అలవాటు ఉండాలి.

మన తెలుగునేల ఈ దుఃఖాన్ని ఎరుగును. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదం మీద సుమారు 19,600 అడుగుల ఎత్తున సోనమ్ పోస్టుపై మంచు విరిగిపడి 19 మద్రాస్ రెజిమెంట్‌కు చెందిన పదిమంది సైనికులు కూరుకుపోయారు. వారిలో కర్నూలు జిల్లా బిడ్డ సిపాయి ముస్తాక్ అహ్మద్ ఒకరు. వెతకడానికి రాడార్లు తెచ్చారు, శిక్షణ పొందిన కుక్కలను తెచ్చారు, రాళ్లు కోసే యంత్రాలతో మంచుగడ్డను కోశారు. ఆరో రోజున లాన్స్ నాయక్ హనుమంతప్ప ప్రాణాలతో దొరికారు. దేశమంతా ప్రార్థించింది. ఫిబ్రవరి 11న ఢిల్లీలో ఆయన కన్నుమూశారు. అక్కడ కూలింది కొండంత మంచుగోడ, చేతి పరికరాలతో తవ్వితే తేలేది కాదు. అయినా అంత సైన్యం, అంత యంత్రాంగం ఉన్నచోట కూడా ‘ఎక్కడ తవ్వాలి’ అన్న ప్రశ్నే రోజులను తినేసింది. గుల్మార్గ్‌లోనూ 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, మరుసటి ఏడాది అదే నెలలో ఒక రష్యన్ స్కీయర్ చరియల కింద చనిపోయారు. మన కుటుంబాలు గొండోలా ఎక్కి ఫోటోలు దిగే అఫర్వత్ కొండల్లోనే ఇవి జరిగాయి.

‘ఎక్కడ తవ్వాలి’ అన్న ప్రశ్నకు జవాబు కోసం మనుషులు చాలాకాలం తంటాలు పడ్డారు. ఒకప్పుడు స్కీయర్లు నడుముకు పొడవాటి ఎర్రతాడు కట్టుకుని వెనక ఈడ్చుకుంటూ వెళ్లేవారు, కొసైనా మంచుపైన తేలుతుందన్న ఆశతో. 1960ల చివర్లో అమెరికాలో జాన్ లాటన్ రేడియో సంకేతం పంపే, అదే సంకేతాన్ని అందుకునే చిన్న పెట్టెను తయారుచేశాడు. స్కాడీ పేరుతో అది 1971 నుంచి అమ్మకానికి వచ్చింది. నేటి బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తాయి. ఏ దేశంలో, ఏ కంపెనీ తయారుచేసినా ఒకదాని మాట మరొకటి అర్థం చేసుకుంటుంది. గుడౌరి దుకాణంలో అద్దెకు తీసుకున్నది, దుబాయ్ నుంచి తెచ్చుకున్నది కలిసి పనిచేస్తాయి.

ఫోన్‌లో యాప్ ఉంది కదా అనుకోవద్దు. ఫోన్‌కు ఆ తరంగం పంపే యాంటెన్నా లేదు. పైగా ఫోన్, స్మార్ట్‌వాచ్, వేడెక్కే గ్లవ్స్ బీకన్‌ను గందరగోళపెడతాయి. సంకేతం పంపేటప్పుడు వాటిని కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. కోటులో రెకో రిఫ్లెక్టర్ కుట్టి ఉంటే అదీ మంచిదే, బ్యాటరీ అక్కర్లేదు. 1973లో స్వీడన్‌లోని ఓరే దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత ఆ ఆలోచన పుట్టింది. కానీ దాన్ని పసిగట్టే యంత్రం ఉండేది రక్షకదళం దగ్గర, మన పక్కవాడి దగ్గర కాదు. హజర్ కొండల్లో ట్రెక్కింగ్ చేసేవాళ్లకు ఉపయోగపడే 406 మెగాహెర్ట్జ్ బీకన్ మరో రకం. అది ఉపగ్రహాల ద్వారా రక్షణ కేంద్రానికి మనం ఉన్న చోటు చెబుతుంది. జెబెల్ జైస్ పక్క వాదీలో కాలు విరిగి పడున్నవాడికి అదే ప్రాణదాత. మీటరు లోతు మంచు కింద నిమిషాలు లెక్కపెట్టుకుంటున్నవాడికి మాత్రం అది చాలదు.

ఇక సాధన సంగతి. మా ప్రతిపాదనకు ప్రాణం ఇదే. బీకన్ కొనుక్కుని సంచిలో పడేసుకోవడం చాలామంది చేస్తారు. తీరా అవసరం వచ్చినప్పుడు మెనూ ఎక్కడుందో తెలియక వణుకుతారు. యూఏఈలో మనకు మంచు లేదు కానీ ఇసుక తిన్నెలున్నాయి, వాలుంది, చలికాలం ఉదయాలున్నాయి. పొడి ఇసుకలోంచి ఈ సంకేతం చక్కగా వస్తుంది. ఒక బీకన్‌ను సంకేతం పంపే స్థితిలో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అడుగు, రెండడుగుల లోతున పాతండి. ఎక్కడ పాతారో ఒక్కరికే తెలియాలి. మిగతావాళ్లు 50 మీటర్ల అవతల నుంచి మొదలుపెట్టాలి. తెర మీద బాణం, అంకె కనిపిస్తాయి. బాణం తిన్నగా తీసుకెళ్లదు, వంపు తిరిగే దారిలో తీసుకెళ్తుంది. అది దాని స్వభావం, కంగారు పడొద్దు. అంకె తగ్గుతుంటే దారి సరైనది. మూడు మీటర్ల లోపలికి రాగానే పరుగు ఆపి, బీకన్‌ను నేలకు ఆనించి నెమ్మదిగా ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ జరపాలి. అతి తక్కువ అంకె వచ్చినచోట ప్రోబ్ గుచ్చాలి. తగలకపోతే 25 సెంటీమీటర్ల ఎడంతో చుట్టూ గుచ్చుకుంటూ పోవాలి. తగిలిందా, కడ్డీని పీకొద్దు, అలాగే వదిలేయాలి. పాతిన డబ్బా వరకు తవ్వేటప్పుడు నేరుగా పైనుంచి కాకుండా, వాలుకు దిగువవైపు నుంచి తవ్వుకుంటూ రావాలి.

నిజమైన చరియలో మంచు ఇసుక కన్నా ఎన్నో రెట్లు గట్టిగా ఉంటుంది. అక్కడ ఎక్కువ సమయం తినేది వెతకడం కాదు, తవ్వడం. అందుకే ప్లాస్టిక్ పార వద్దు, లోహపు పారే కావాలి. ఇద్దరు ముగ్గురు వంతులవారీగా తవ్వడం అలవాటు చేసుకోవాలి. ఇంట్లో ఆడవాళ్లు, పదేళ్లు దాటిన పిల్లలు అందరూ ఒక్కొక్కసారైనా వెతికి తీయాలి. మగవాళ్లు నేర్చుకుంటే చాలనుకోవద్దు. మంచు కిందికి వెళ్లేది ఆ నేర్చుకున్న మగవాడే అయితే?

తెలుగు సంఘాలకు మా మాట. సంక్రాంతికి, ఉగాదికి మీరు ఎంత పెద్ద కార్యక్రమాలు చేస్తారో మాకు తెలుసు. నవంబరులో ఒక ఆదివారం ఉదయం ఈ సాధనకు ఇవ్వండి. ఈ దేశంలో అనుమతి లేకుండా విరాళాలు సేకరించడం చట్టవిరుద్ధం, కనుక చందాల ఊసే వద్దు. ఒక్కో సెట్ ఖరీదు కొన్ని వందల యూరోలు ఉంటుంది. ప్రయాణం కలిసి పెట్టుకున్న నాలుగు కుటుంబాలు సాధనకు రెండు సెట్లు కొనుక్కుని, మిగిలినవి అక్కడికి వెళ్లాక అద్దెకు తీసుకోవచ్చు. మనలో స్కీయింగ్ వచ్చినవాళ్లు, సైన్యంలో మంచుకొండల్లో పనిచేసి ఇక్కడ ఉద్యోగాల్లో చేరినవాళ్లు ముందుకొచ్చి నేర్పాలి.

టూర్లకు లైసెన్సులిచ్చే శాఖలకూ మా కోరిక ఒకటుంది. వరద వస్తున్న వాదీలోకి కారు దింపితే ఈ దేశం 2023 నుంచి 2,000 దిర్హాముల జరిమానా, 23 బ్లాక్ పాయింట్లు వేస్తోంది. ప్రాణం విలువ తెలిసిన పాలన ఇది. మంచు ప్రయాణాలు అమ్మే ప్రతి సంస్థా, కస్టమర్‌ను గుర్తు పెట్టిన దారి దాటి తీసుకెళ్తుందో లేదో, తీసుకెళ్తే అందరికీ బీకన్, ప్రోబ్, పార ఇస్తుందో లేదో, ఇన్సూరెన్స్ ఆ దారికి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా చెప్పాలని నిబంధన పెట్టండి. చాలా ట్రావెల్ పాలసీల్లో దారి దాటిన స్కీయింగ్‌కు రక్షణ ఉండదు. కొనేవాడికి ఆ సంగతి ఆసుపత్రి బిల్లు చూశాక తెలియకూడదు.

బీకన్ కట్టుకున్నాం కాబట్టి ఎక్కడికైనా వెళ్లొచ్చు అనుకోవడం ఘోరమైన పొరపాటు. చరియలో కొట్టుకుపోయి రాళ్లకు, చెట్లకు తగిలి చనిపోయేవాళ్లూ ఉంటారు, వాళ్లను ఏ పరికరమూ కాపాడలేదు. ప్రమాద స్థాయిని 1 నుంచి 5 వరకు అంకెల్లో చెబుతారు. 3 చూసి ‘మధ్యలోనే ఉంది’ అని ధైర్యపడకండి. యూరప్‌లో చాలా మరణాలు జరిగేది 3 అన్న రోజునే. ఆ రోజు దారి మీదే ఉండండి. పిల్లలకు మంచు అక్కడా ఉంటుంది.

ఈ కాగితం మడిచి జేబులో పెట్టుకోవద్దు. టికెట్ కొనే బల్ల మీద పరిచి, ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు రాయించుకుని, సంతకం పెట్టించుకున్నాకే డబ్బు కట్టండి: మమ్మల్ని గుర్తు పెట్టిన దారి దాటిస్తారా? దాటిస్తే పిల్లలతో సహా ప్రతి ఒక్కరికీ బీకన్, ప్రోబ్, పార ఇస్తారా? ఆ ఉదయం ప్రమాద స్థాయి ఎంతో మాకు ఎవరు చెబుతారు? మా ఇన్సూరెన్స్ అక్కడికి వర్తిస్తుందా?