కుర్చీకి వెనకాలే సింగారం

రిసెప్షన్‌లో అన్నిటికంటే ఖరీదైన కుర్చీలో ఎవరూ కూర్చోరు. వేదిక మీది మహారాజా సోఫాకు బంగారు రంగు సింహపు పాదాలు, ఎర్ర మఖమల్, నిలువెత్తు వీపు. వధూవరులేమో మూడు గంటలపాటు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతూనే ఉంటారు. కింద అతిథులకు వేసిన ప్లాస్టిక్ కుర్చీలకు తెల్ల తొడుగు, వెనక ఎర్ర శాటిన్ ముడి. హైదరాబాద్ ఫంక్షన్ హాల్లోనైనా, లూధియానా బ్యాంక్వెట్ హాల్లోనైనా ఇంచుమించు ఇదే దృశ్యం. చీరల ఎంపికకు నెల రోజులు తిరిగే కుటుంబాలు కుర్చీల దగ్గరకొచ్చేసరికి టెంట్‌హౌస్ వారితో ‘మీరే చూసుకోండి’ అనేస్తాయి.

చూసుకోవలసింది పెద్దగా ఏమీ లేదు. హాల్లోకి అడుగుపెట్టినవారికి కనిపించేవి కుర్చీల వీపులు, అందులోనూ నడవకు అటూ ఇటూ ఉన్నవి. జనం కూర్చున్నాక వేదిక మీది నుంచి తీసే ఫొటోల్లో మనుషులే పడతారు. వరసకు 20 చొప్పున 25 వరసలు వేస్తే 500 కుర్చీలు. మధ్యలో ఒక నడవ వదిలితే దాని అంచున వచ్చేవి 50. ఆ 50 కుర్చీల వీపులను శ్రద్ధగా అలంకరించి, మిగిలినవాటిని శుభ్రంగా కడిగి వేస్తే సరిపోతుంది. ఒక్కోదానికి పది రెట్లు పెట్టినా మొత్తం పాత లెక్కను దాటదు.

దేనితో అలంకరించాలన్నదానికి జవాబు చాలాసార్లు ఇంట్లోని బీరువాలోనే ఉంటుంది. చీకిపోయిన పట్టుచీరలను, ‘పాత జరీ చీరలు కొంటాం’ అంటూ వీధిలోకి వచ్చేవారికి ఇచ్చేయడం మామూలే. అయితే ఒళ్లు చిరిగినా అంచు గట్టిగా ఉంటుంది. ఐదున్నర మీటర్ల చీరకు రెండు అంచులు కలిపి 11 మీటర్లు. కుర్చీకి మీటరున్నర చొప్పున ఏడింటికి వస్తుంది. నానమ్మ చీర అంచు ముందు వరసకు కడితే, చుట్టాల్లో ఎవరో ఒకరు దాన్ని గుర్తుపట్టకుండా ఉండరు. చీర కోయడానికి మనసొప్పనివారికి మంగళగిరి కండువాలు, పెడన కలంకారీ గుడ్డలు ఉన్నాయి. గుజరాతీలకు బాంధనీ, పంజాబీలకు ఫుల్కారీ ఎలాగూ ఉన్నాయి. కండువా అయితే కత్తిరించే పని లేదు, ముడి విప్పి మర్నాడు బంధువులకు పెట్టెయ్యవచ్చు.

పూల సంగతిలో కాస్త జాగ్రత్త అవసరం. వేసవి పెళ్లయితే మల్లెమొగ్గల మూర ఒకటి వీపు మీద వేలాడదీస్తే చాలు, రిసెప్షన్ వేళకు అవే విచ్చుకుంటాయి. కనకాంబరానికి వాసన లేకున్నా బరువుండదు, త్వరగా వాడదు. బంతి దండ బరువుకు తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి వాలుతుంది. బొకేల్లో వచ్చే పెద్ద లిల్లీల (మన దండల్లో కట్టే లిల్లీలు కావు) పుప్పొడి పట్టుచీరకు అంటితే మరక ఓ పట్టాన వదలదు. కుర్చీకి కట్టేముందే కేసరాలను తుంచెయ్యాలి. థర్మోకోల్ అక్షరాలు, హృదయాల ఊసే వద్దు. అలంకరణకు థర్మోకోల్ వాడకాన్ని కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది.

నగరాల్లో ఇప్పుడు సన్నని కడ్డీల బంగారు రంగు కుర్చీలు వేస్తున్నారు. 1807లో ఇటలీలోని కియావరి పట్టణంలో జిసెప్పే గెటానో డెస్కాల్జీ రూపొందించిన చెక్క కుర్చీకి ఇవి లోహపు, ప్లాస్టిక్ నకళ్లు. వీటికి తొడుగు వేయడమంటే అందాన్ని డబ్బిచ్చి మరీ కప్పేయడమే. ఒక పక్కగా చిన్న పూలగుత్తి కడితే సరి.

తొడుగుతో అసలు చిక్కు వేరే ఉంది. దాని కింద పగిలిన కాలు కనిపించదు. కుర్రాళ్లు గంటలో వందలకొద్దీ తొడుగులు లాగి వేస్తుంటే ఏ కుర్చీకి బీట ఉందో చూసే తీరిక ఎవరికుంటుంది? తొడుగులు వేయకముందే ఇంట్లోవాళ్లెవరైనా వెళ్లి ఒక్కో కుర్చీనీ చేత్తో గట్టిగా నొక్కి చూడాలి. నేలకు జీరాడే తొడుగు కాళ్లకు అడ్డం పడుతుంది. శాటిన్ సీటు మీద పట్టుచీర జారుతుంది. సాగే లైక్రా తొడుగులకు కుర్చీ కాళ్లు దూర్చే జేబులుంటాయి కాబట్టి అవి కదలవు.

ఇక ముందు వరస. గౌరవం పేరుతో అక్కడ లోతైన సోఫాలు వేసి, ఎనభై ఏళ్ల తాతయ్యను వాటిలో కూర్చోబెడతారు. భోజనానికి లేవాలంటే ఆయనకు ఇద్దరు సాయం పట్టాలి. అక్కడ వేయవలసింది చేతులున్న, కాస్త ఎత్తయిన గట్టి కుర్చీలు. పూలు వాటి వీపునే కట్టాలి. చేతుల మీద ఏమీ చుట్టకూడదు, ఆయన లేచేటప్పుడు పట్టుకునేది వాటినే.