ఏకబుద్ధి - బహువృత్తులు

బహువృత్తులను చేపట్టినవాడు ఏ ఒక్కదానిలోనూ రాణించడని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో తల్లిదండ్రులు సంతానాన్ని మందలించడం సహజం. కొందరు ఈ భయానికి గీతాప్రమాణాన్ని సైతం జోడిస్తారు. అయితే ద్వితీయాధ్యాయంలో భగవానుడు ఏకత్వాన్ని విధించినది బుద్ధికి, వృత్తికి కాదు. నిశ్చయం లేనివారి బుద్ధులే బహుశాఖలని ఆయన అభిప్రాయం.

సిరిసిల్ల సమీపాన హనుమాజీపేటలో 1931లో జన్మించిన డాక్టర్ సి. నారాయణరెడ్డి ఇందుకు నిదర్శనం. ఆయన ఉస్మానియాలో ఆచార్యులుగా పనిచేశారు. 1962 నాటి ‘గులేబకావళి కథ’ మొదలుకొని చలనచిత్ర గీతకర్త. తెలుగు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వ్యవహరించారు. 1997 నుండి 2003 వరకు రాజ్యసభ సభ్యులుగా ఉన్నారు. ఇన్ని బాధ్యతల నడుమ కావ్యోపాసన విచ్ఛిన్నం కాలేదు. ‘విశ్వంభర’కు 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం లభించింది. వృత్తులు అనేకం, ఉపాస్యమైన వాక్కు ఒక్కటే.

సిరిసిల్ల మగ్గంపై పడుగు స్థిరంగా నిలిచినందువల్లనే పేక ఎన్ని వర్ణాలనైనా ధరించగలదు. కనుక మగ్గం నేసే యువకుడు గణితమో, మృదంగమో, వేదాంతమో అభ్యసించగోరినప్పుడు “ఇన్ని ఎందుకు?” అని వారించరాదు, “వీటన్నిటినీ నిలిపే పడుగు ఏది?” అని ప్రశ్నించాలి. సమాధానం చెప్పగలిగినవాడు ఆశీర్వాదార్హుడు. చెప్పలేనివాడు ఆజన్మాంతం ఏకవృత్తిలోనే ఉన్నా చంచలచిత్తుడే.