ముసలి ట్రాక్టరుకు పథ్యం

ట్రాక్టరులో పోసే చమురు గురించి ఇంటిల్లిపాదీ చదువుకునే వారపత్రికలో వ్రాయడమేమిటని కొందరు ముక్కున వేలు వేసుకోవచ్చు. సీరియలులో కథానాయిక గతి ఏమైందోనని తొందరపడుతున్నవారు ఈ పేజీని దాటిపోయినా నేను నొచ్చుకోను. కాని మా అనకాపల్లి ప్రాంతంలో మధ్యతరగతి సంసారమంటే సగం పట్నంలోనూ సగం పల్లెలోనూ ఉంటుంది. పెద్దవాడికి విశాఖపట్నంలో ఉద్యోగం. తండ్రికి చోడవరం దగ్గర నాలుగెకరాల చెరకు. అన్నదమ్ములు కలిసి కొన్న పాత ట్రాక్టరు ఒకటి, ఒకప్పుడు ఎద్దులను కట్టిన సాలలోనే నిలబడి ఉంటుంది. ఆ ట్రాక్టరుకు జబ్బు చేసిన ఏడాది అమ్మాయి కాలేజీ ఫీజు మొదలు సంక్రాంతి బట్టల వరకు అన్నిటికీ కోతే. కనుక ఇది ఇంటి విషయమేనని నా మనవి.

నేను చదివింది తెలుగు ఎం.ఏ. యంత్రాలతో నాకు చుట్టరికం లేదు. అయితే పాత ట్రాక్టర్ల వెంట వచ్చిన చేతిపుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని పట్టుకొని మా విద్యార్థుల తండ్రులు, "మాష్టారూ, ఇందులో ఏ నూనె పొయ్యమన్నాడో కాస్త చూసి చెప్పండి" అని వస్తూ ఉంటారు. వాళ్ళకు అర్థం చెప్పబోయి నేనూ కొంత నేర్చుకున్నాను.

ఎడ్లబండి రోజుల్లో ఈ గొడవ లేదు. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన. సుమతీ శతకకారుడు ఇరుసునూ కందెననూ పద్యంలోకి తెచ్చాడు గాని, ఏ కందెన అని చెప్పవలసిన అవసరం ఆయనకు కలగలేదు. ఆముదాన్ని చులకనగా చూడకండి సుమా! 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీవారు ఆముదం కలిపిన ఇంజను నూనెను తయారుచేసి, ఆముదానికున్న ఇంగ్లీషు పేరునే కాస్త మలిచి దానికి కాస్ట్రాల్ అని నామకరణం చేశారు. అయినా బండికి ఉన్నది ఒక్క ఇరుసు. కందెన చెయ్యవలసింది ఒక్క పని. ట్రాక్టరు సంగతి అలా కాదు.

ఐర్లండువాడైన హారీ ఫెర్గూసన్, నాగలిని ట్రాక్టరు వెనుక ఊరికే ఈడ్చుకుపోవడం కాక, మూడు చేతులతో పట్టుకొని చమురు ఒత్తిడితో ఎత్తి దించే ఏర్పాటు కనిపెట్టాడు. 1939లో హెన్రీ ఫోర్డుతో చేతులు కలిపి అటువంటి ట్రాక్టరును బజారులోకి తెచ్చాడు. 1960లో మద్రాసులో వెలసిన టాఫే సంస్థ, మాసీ ఫెర్గూసన్ వారి సహకారంతో మన దేశంలో తయారుచేసిన 1035 ఆ వంశంలోనిదే. మన పొలాల్లో ఇప్పటికీ దున్నుతున్న ముసలి ట్రాక్టర్లలో దానిది పెద్ద కుటుంబం. ఈ వంశంలో విశేషమేమిటంటే, నాగలిని ఎత్తే పంపు వెనుక పెట్టె లోపలే ఉంటుంది; గేర్లు మునిగి ఉన్న చమురులోనే అదీ మునిగి ఉంటుంది. గేర్లకూ, వెనుక ఇరుసుకూ, హైడ్రాలిక్ ఎత్తుడుకూ అన్నిటికీ కలిపి ఒకటే చమురన్న మాట.

ఇక ఆ చమురు పడే పాట్లు చూడండి. గేరు పళ్ళు ఒకదానినొకటి నలుపుకునే చోట పొరలా నిలబడాలి. అందుకు చిక్కదనం కావాలి. పంపు పీల్చగానే సన్నని దారుల్లో పరుగెత్తి నాగలిని లేపాలి. అందుకు పలచదనం కావాలి. వేడిని మోసుకుపోవాలి, తుప్పు పట్టనివ్వకూడదు. కొన్ని నమూనాల్లో బ్రేకు పలకలు కూడా చమురులోనే మునిగి ఉంటాయి. వీటిని తడి బ్రేకులంటారు. అక్కడ జారకుండా పట్టు ఇవ్వాలి! ఒకచోట జారనివ్వాలి, ఇంకొకచోట జారనివ్వకూడదు. అమ్మ మాటా భార్య మాటా ఒకేసారి వినవలసిన మగవాడి అవస్థ దానిది.

మునగపాక వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన నన్ను అడిగిన ప్రశ్న మీకూ తోచవచ్చు. "మాష్టారూ, మేస్త్రి తొంభై నంబరు పొయ్యమంటాడు. షాపాయన వంద నంబరు ఇస్తానంటాడు. తొంభై కంటే వంద పెద్దది గదండీ, అదే చిక్కగా ఉంటుంది గదా?"

కాదు. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. బెల్లం వండేవాళ్ళకు పాకం అంటే తెలుసు. చమురు నంబరు కూడా పాకాన్ని చెప్పే నంబరే. అయితే పాకాన్ని కొలిచే కొలతలు మూడు రకాలున్నాయి. గేరు నూనెకు ఒక లెక్క, ఇంజను నూనెకు ఇంకొక లెక్క, హైడ్రాలిక్ నూనెకు మరొక లెక్క. గేరు లెక్కలో 90, ఇంజను లెక్కలో సుమారు 40కీ 50కీ సరితూగుతుంది. హైడ్రాలిక్ లెక్కలో అది 150కీ 220కీ మధ్య పడుతుంది. అంటే హైడ్రాలిక్ వంద నంబరు గేరు తొంభై కంటే పలచన! గజాలనూ వీశెలనూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడిగితే ఏం చెబుతాం? డబ్బామీద నంబరు చూసేముందు అది ఏ లెక్కలోని నంబరో చూడాలి. నంబరు పక్కన ఉండే "డబ్ల్యు" అక్షరం చలికాలానికి గుర్తు. "80డబ్ల్యు-90" అంటే మొదటి సగం మంచుదేశాల ప్రాతఃకాలానికి, రెండవ సగం యంత్రం వేడెక్కిన తరువాతికి. శారదానది ఒడ్డున మనకు ముఖ్యమైనది రెండవ సగం.

పాకం కుదిరినంతలో పని తీరిపోదు. చమురులో కలిపే మందు ఇంకొకటి ఉంది. గేరు నూనె డబ్బామీద జి.ఎల్.-4, జి.ఎల్.-5 అని వ్రాసి ఉంటుంది. ఇది మందు మోతాదు. నాలుగు కంటే అయిదు గొప్పదనుకొని కొనేవారు ఎందరో. అయిదులో గంధకం, భాస్వరం కలిసిన మందులు ఎక్కువ. విపరీతమైన ఒత్తిడిలో ఉక్కు గేర్లను కాపాడటానికి అవి మంచివే. కాని పాత పెట్టెల్లో ఇత్తడి, కంచు బుష్షులుంటాయి. వేడిలో ఆ మందు వాటిని మెల్లగా తినివేయవచ్చు. తడి బ్రేకులున్న బండిలో పోస్తే పలకలు పట్టు తప్పుతాయి. తడి బ్రేకులకూ గేర్లకూ పంపుకూ కలిపి సరిపడేలా చేసిన చమురు వేరే ఉంది, దాన్ని యు.టి.టి.ఒ. అంటారు. గట్టివాడు తాగే కషాయం పసిపిల్లవాడికి పట్టం గదా! యంత్రానికీ అంతే. దాని కడుపులో ఏమున్నదో దాన్నిబట్టే పథ్యం.

ముసలి ట్రాక్టర్ల యజమానులకు రెండు రకాల ఆశలు. ఖరీదైనది పోస్తే వయసు వెనక్కు తిరుగుతుందని ఒక ఆశ; ఎలాగూ ముసలిది, చవకది పోస్తే చాలునని ఇంకొకటి. రెండవ ఆశ ఎక్కడికి దారి తీస్తుందో అమెరికా రైతులు చూశారు. అక్కడ జాన్ డీర్ కంపెనీవారి ట్రాక్టర్లకు 303 అనే చమురు ఉండేది. అందులో ఒక జాతి తిమింగలపు నూనె కలిసేది. 1970లో అక్కడి ప్రభుత్వం ఆ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవుల జాబితాలో చేర్చింది. ఆ దశాబ్దంలోనే కంపెనీవారు ఆ చమురును మానేసి వేరే రకాలు తెచ్చారు. చమురు పోయినా పేరు పోలేదు. "303" అని వ్రాసిన బకెట్లను వేరే వ్యాపారులు ఏళ్ళ తరబడి చవకగా అమ్మారు. పాత ట్రాక్టర్లవారు కొన్నారు. 2017లో మిస్సోరీ రాష్ట్రపు వ్యవసాయశాఖ వాటి అమ్మకాన్ని నిషేధించింది. తరువాత రైతులు కోర్టులకెక్కారు. ఏ నాణ్యతా ప్రమాణానికీ కట్టుబడని బకెట్టుమీద పాత పేరు ఉంటే లాభమేమిటి?

మరి ఏది పొయ్యాలి? మొదటి గురువు చేతిపుస్తకమే. అందులో చమురు పేట్ల పట్టిక ఉంటుంది: ఏ పెట్టెకు ఏ రకం, ఎంత చిక్కదనం, ఎన్ని లీటర్లు. పుస్తకం పోయిందంటారా? కంపెనీ ఇప్పటికీ ఉంటే డీలరును ఆ నమూనా పేరు చెప్పి అడగవచ్చు. కొన్నింటికి ఆ అదృష్టమూ లేదు. పింజోరులో హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల తయారీని మూసివేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో నిర్ణయించింది. ఆ ట్రాక్టర్లు మాత్రం పొలాల్లో ఇంకా బ్రతికే ఉన్నాయి. అలాంటప్పుడు తెలిసిన మేస్త్రిని మూడు ప్రశ్నలు అడగండి. గేర్లకూ హైడ్రాలిక్కుకూ తొట్టి ఒకటేనా, వేరువేరా? బ్రేకులు తడివా, పొడివా? లోపల ఇత్తడి, కంచు భాగాలున్నాయా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే డబ్బా ఎంచుకోవడం సగం అయినట్టే. "ఏదైనా పొయ్యవచ్చు బాబూ" అనే మేస్త్రి దగ్గర సెలవు తీసుకొని రండి. పవర్ స్టీరింగుకు వేరే చిన్న తొట్టి ఉంటే దాని పథ్యం మళ్ళీ వేరు.

ఉన్న చమురు ఆరోగ్యం చూడటానికి వంటింటి తెలివి చాలు. కొలకర్రకు అంటిన చమురు మజ్జిగలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయన్న మాట. దమ్ము చేసిన మళ్ళలో దిగబడే ట్రాక్టర్లకు ఇది తరచు వచ్చే జబ్బు. అనుమానమైతే వేడి పెనంమీద ఒక్క చుక్క వెయ్యండి. పోపులా చిటపటలాడితే నీళ్ళున్నట్టే. నురుగు కనిపిస్తే గాలి కలుస్తున్నది. నాగలి కుదుపుతో లేస్తుంది. ప్రొద్దున్నే లేవడానికి మొరాయించి, వేడెక్కిన తరువాత సజావుగా పనిచేస్తే చమురు మరీ చిక్కన కావచ్చు. ప్రొద్దున్న బాగా లేచి మధ్యాహ్నానికి జారిపోతూ ఉంటే చమురు మరీ పలచనైనా కావాలి, పంపూ సీళ్ళూ అరిగి అయినా ఉండాలి. పారబోసిన చమురులో అయస్కాంతానికి అంటుకునే రజను ఉక్కుది. అంటుకోకుండా పసుపుపచ్చగా మెరిసేది ఇత్తడిది. బంగారమల్లే మెరిసినా ఇంటికి నష్టం తెచ్చే బంగారమది.

మార్చేటప్పుడు కాసేపు నడిపి, చమురు గోరువెచ్చగా ఉండగా దింపాలి; మడ్డి కూడా కలిసి దిగుతుంది. జల్లెడ కడగాలి. కిరసనాయిలుతో కడిగితే మూలల్లో మిగిలినది కొత్త చమురును పలచన చేస్తుంది. మట్టం చూసేటప్పుడు బండి చదునునేలమీద ఉండాలి, ఎత్తుడు చేతులు దించి ఉండాలి. "ఇంకో లీటరు పడితే మంచిదే" అని పొంగేట్టు పొయ్యరాదు. ఎక్కువైన చమురు ఇరుసు సీళ్ళు దాటి పొడి బ్రేకుల్లోకి చేరవచ్చు.

ఇంకొక మాట చాలామందికి తట్టదు. ఎత్తి పారబోసే ట్రాలీ తన బలాన్ని ట్రాక్టరు చమురు నుంచే తెచ్చుకుంటుంది. ఆ ట్రాలీని వాళ్ళూ వీళ్ళూ అద్దెకు తిప్పుతారు. నిన్న ఒకరి బండికి తగిలించినది ఇవాళ మీ బండికి తగిలిస్తే, వాళ్ళ చమురు కొంత, దానితో పాటు మురికీ నీళ్ళూ కొంత, మీ పెట్టెలోకి వస్తాయి. ఎంగిలి మంచినీళ్ళు తాగనివాళ్ళం, దీన్ని మాత్రం పట్టించుకోము!

ఇదంతా డబ్బు ఆదా కోసమేనని అనుకోకండి. బ్రేకు పట్టు కూడా ఈ చమురుతో ముడిపడి ఉన్నదని చెప్పాను. చెరకు నింపిన ట్రాలీ ఏటవాలున దిగుతున్నప్పుడు వెనుకనుంచి తోసే బరువు తక్కువ కాదు. ఒక్కొక్కప్పుడు ఆ లోడుమీద కూలీలు కూర్చుని ఉంటారు. ఊరేగింపు రోజున ట్రాలీ నిండా ఆడవాళ్ళూ పిల్లలూ ఉంటారు. అసలు ట్రాలీలో మనుషులను ఎక్కించడమే తప్పు. ఆ తప్పు మానకుండా, పైగా డబ్బా దగ్గర నాలుగు రూపాయలు కలిసివస్తాయని తగని చమురు పోస్తే, ఆ బేరంలో మనం ఒడ్డుతున్నది ఏమిటో కొట్లో నిలబడి ఒక్క నిమిషం ఆలోచించాలి.

దింపిన పాత చమురును కాలవలో పారబొయ్యకండి. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన నూనెను తీసుకుని శుద్ధిచేసేవారికి చేర్చండి. కొత్తది పోసిన రోజున తేదీ, గంటల మీటరు అంకె, చమురు పేరు, నంబరు, ఎన్ని లీటర్లు పట్టిందీ సాల గోడమీద వ్రాయించండి. పాలవాడి లెక్క గోడమీద వ్రాసుకునే ఇళ్ళే మనవి. ఇది కూడా వ్రాయడం కష్టం కాదు. చేతివ్రాత ముత్యాలకోవలా ఉన్న అమ్మాయి ఎవరైనా ఇంట్లో ఉంటే ఆ పని ఆమెకు అప్పగించండి. వచ్చే ఏడు డబ్బా కొనడానికి వెళ్ళేముందు ఆమెను అడిగి వెళ్ళవచ్చు.