ఇంజన్ కొత్తది, బ్రేకు పాతది

పాత బండికి మరో ఇంజన్ ఎక్కించడం ఉత్తరాంధ్రకు కొత్త విద్య కాదు. లారీల ఊరుగా పేరుపడ్డ సాలూరు మన పక్కనే ఉంది. విప్పినదాన్ని విప్పినట్టు బిగించగల మేస్త్రీలకు శ్రీకాకుళం, విజయనగరాల్లో కొదవ లేదు. తాతగారి అంబాసిడర్‌ను అమ్మడానికి మనసు రాని కుటుంబం ఉంటుంది. మన్యం ఊళ్లకు తిరిగి అరిగిపోయిన కమాండర్ జీపు ఉంటుంది. 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కాబట్టి అసలు విడిభాగాలు వెతుక్కోవాల్సి వస్తోంది. తుక్కుకు పోయిన స్విఫ్ట్, డిజైర్‌ల 1248 సీసీ డీజిల్ ఇంజన్, బొలెరోది 2523 సీసీ ఇంజన్ మాత్రం సులువుగానే దొరుకుతాయి. కొత్త కారు ధరలో చిన్న వంతుతో పని అయిపోతుందన్న ఆశ పుడుతుంది. ఆ ఆశ ప్రాణాల మీదికి తెస్తుందని హెచ్చరించక తప్పదు.

స్విఫ్ట్‌లో ఇంజన్ అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. అంబాసిడర్‌లో అది పొడవునా కూర్చుని వెనక చక్రాలను తిప్పాలి. రెండింటికీ హౌసింగు కలవదు. లేతు మీద ఒక ప్లేటు కోయించి, మౌంటింగులు వెల్డింగు చేయించి కలుపుతారు. పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బలానికి సరిపోయేలా చేసిన గేరుబాక్సు, షాఫ్టు, క్రాసుల మీద ఇప్పుడు దాదాపు రెట్టింపు టార్క్ పడుతుంది. 1990ల మొదట్లో అంబాసిడర్‌కు 1817 సీసీ ఇసుజు ఇంజన్ పెట్టినప్పుడు కంపెనీ ఐదు గేర్ల బాక్సు కూడా తెచ్చింది. ఇంజన్ ఒక్కటే మారిస్తే చాలదని ఆ బండిని తయారుచేసినవారికే తెలుసు.

బ్రేకుల సంగతి ఇంకా ఘోరం. పాత అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండిని ఆపడానికి బ్రేకులు ఎంత శక్తిని వేడిగా మార్చాలో, 100 కిలోమీటర్ల వేగంలో దానికి సుమారు 2.8 రెట్లు మార్చాలి. రణస్థలం నుంచి నరసన్నపేట వరకు ఆరు వరుసల రోడ్డు మీద కొత్త ఇంజన్ ఆ వేగాన్ని అలవోకగా అందుకుంటుంది. దాన్ని ఆపాల్సినవి మాత్రం ఆ పాత షూలూ లైనర్లే. ఇక కొరాపుట్ వైపు నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు చేరే 26వ నంబరు రహదారి మీద వరసగా బ్రేకు తొక్కుతుంటే డ్రమ్ములు కాలిపోతాయి. వేడెక్కిన లైనరు పట్టు విడుస్తుంది, పెడలు ఎంత తొక్కినా బండి జారుతూనే ఉంటుంది. బరువైన ఇంజన్ ముందు భాగాన్ని నొక్కుతుంటే పరిస్థితి మరింత దిగజారుతుంది.

మరో సంగతి చాలామందికి తట్టదు. బ్రేకు బూస్టరు పనిచేయాలంటే వాక్యూమ్ కావాలి. పెట్రోలు ఇంజన్ గాలి పీల్చుకునేటప్పుడే అది పుడుతుంది. డీజిల్ ఇంజన్‌లో అలా పుట్టదు, విడిగా పంపు ఉండాలి. పెట్రోలు తీసి డీజిల్ పెట్టినచోట ఆ పంపును కలపకపోతే బూస్టరు అలంకారంగా మిగులుతుంది.

పెట్రోలు ఇంజన్ పెట్టించుకున్నా నిశ్చింతగా ఉండలేం. పాత కార్బ్యురేటర్‌కు పంపు పంపే పెట్రోలుతో పోలిస్తే నేటి ఇంజక్షన్ ఇంజన్‌లో ఒత్తిడి సుమారు పది రెట్లు. పాత రబ్బరు గొట్టం, దానికి బిగించిన మామూలు క్లిప్పు ఆ ఒత్తిడికి నిలవవు. గొట్టం జారితే పెట్రోలు కారదు, వేడి సైలెన్సరు గొట్టం మీద జల్లులా పడుతుంది. బంకుల్లో ఇప్పుడు వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరును ఇంకా తొందరగా పాడుచేస్తుంది.

మేస్త్రి "ఏటీ అవ్వదు బాబూ, లాగేస్తాది" అంటాడు. లాగుతుంది, నిజమే. ఆగడం గురించి యజమాని అడగడు, మేస్త్రి చెప్పడు. ఉన్న డబ్బు ఇంజన్‌కూ, వెల్డింగుకూ, వైరింగుకూ చెల్లుతుంది. డిస్కు బ్రేకులు, పెద్ద రేడియేటరు "తర్వాత చూద్దాం" జాబితాలో చేరతాయి. రంగు వేయించడానికి మాత్రం ఎలాగో డబ్బు దొరుకుతుంది!

చట్టం వైపు చూస్తే దారి ఇంకా ఇరుకు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా ఆర్సీ వివరాలు మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చిచెప్పింది. 2019 సవరణతో చేరిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తుక్కులో కొన్న ఇంజన్ దొంగబండిదైతే కేసు వేరే. ప్రమాదం జరిగాక ఆర్సీలో ఒక ఇంజన్ నంబరు, బానెట్ కింద మరొకటి కనిపిస్తే బీమా కంపెనీ చేతులెత్తేయడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. యాభై ఏళ్లు దాటిన బండికి 2021 నిబంధనల కింద దక్కే వింటేజ్ గుర్తింపు కూడా ఇంజన్ మారిస్తే పోతుంది.

సరదాకు తన కారు మార్చుకున్నవాడు తన ప్రాణానికి తెగించాడనుకుందాం. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం దారుల్లో సంతకు వెళ్లే జనాన్ని కుక్కుకుని తిరిగే జీపుల మాటేమిటి? ఆ జీపులో ఏ ఇంజన్ ఉందో, బ్రేకు ఎప్పటిదో వెనక సీట్లో వేలాడుతున్న గిరిజన మహిళకు ఎవరు చెబుతారు? మన జనం బ్రేకు ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే తనిఖీ అధికారి పదిహేనేళ్లు దాటిన బండి రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వచ్చినప్పుడు బానెట్ ఎత్తించి నంబరు సరిచూడాలి, బండిని నడిపించి ఆపించి చూడాలి. మన్యం దారుల్లోని సర్వీసు జీపులతో ఆ పని మొదలుపెట్టాలి.

పాత బండి మీద మమకారం ఉన్నవారు దాని సొంత ఇంజన్‌నే బోరు చేయించి, పిస్టన్లు, రింగులు మార్పించుకోవడం మేలు. అదే రకం ఇంజన్ వేరేది పెట్టాలన్నా ముందు రవాణా కార్యాలయం నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి. బ్రేకులకు డబ్బు చాలకపోతే ఇంజన్ జోలికి పోవద్దు.