ఓటమి నెరిగిన గురువు

ఆటలో మహావిజేతగా వెలిగినవాడు మంచి శిక్షకుడు కాజాలడని మనలో పలువురి నమ్మకము. సహజప్రతిభచే గెలిచినవానికి తన గెలుపునకు హేతువేమో తనకే తెలియదనియు, తెలియనిదానిని పరులకు బోధింపలేడనియు వారి వాదము. ఈ వాదము పెక్కుచోట్ల నిజమే కావచ్చును గాని, ఇవాన్ లెండిల్ విషయమున నిలువదు.

1960లో చెకోస్లొవేకియాలోని ఓస్ట్రావా నగరమున, తల్లిదండ్రులిరువురును టెన్నిసు క్రీడాకారులైన యింట జన్మించి, ఎనిమిది గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిళ్లను, 270 వారముల ప్రపంచ ప్రథమస్థానమును ఆర్జించిన యీతడు, 1981లో పారిసున బోర్గ్ చేతను, పిమ్మట రెండేండ్లు వరుసగా న్యూయార్కున కానర్స్ చేతను, 1983 చివర ఆస్ట్రేలియాలో విలాండర్ చేతను ఓడి, తానాడిన మొదటి నాలుగు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లను పోగొట్టుకొన్నవాడు. కీలకసమయమున గుండె దిటవు లేనివాడను అపవాదు అతని వెంటాడెను. 1984 ఫ్రెంచి ఫైనలులో, ఆ యేడు అంతవరకు ఓటమి యెరుగని మెకెన్రోకు మొదటి రెండు సెట్లను అర్పించుకొనియు, 3-6, 2-6, 6-4, 7-5, 7-5 తో గెలిచినప్పుడు గాని ఆ మాట మాసిపోలేదు. లెండిల్ అమెరికా ఓపెన్ కోర్టులు వేసిన పనివారినే రప్పించి, కనెక్టికట్‌లోని తన యింటి పెరటిలో అట్టి కోర్టునే వేయించుకొని సాధన చేసెను. 1982 మొదలు 1989 వరకు ఏటేటా ఆ పోటీలో ఫైనలు చేరుట అట్టి దీక్షకు దక్కిన ఫలము.

దక్కనిది వింబుల్డన్. 1986లో బెకర్, మరుసటి యేడు క్యాష్ అతనిని ఫైనలులో ఓడించిరి. పచ్చికపై సాధనకై 1990లో తనకు అచ్చివచ్చిన ఫ్రెంచి పోటీనే విడిచిపెట్టెను గాని, ఆ కప్పు చేతికి రాలేదు. వెన్నునొప్పి బాధింపగా 1994లో ఆట చాలించెను.

2011 ముగియు వేళ స్కాట్లండు యువకుడు ఆండీ ముర్రే అతనిని శిక్షకునిగా నియమించుకొనెను. ముర్రే అప్పటికి మూడు గ్రాండ్‌స్లామ్ ఫైనళ్లు ఓడియుండెను. 2012 వింబుల్డన్‌లో ఫెడరర్ చేతిలో నాలుగవదియు ఓడి, కోర్టులోనే కన్నీరు పెట్టుకొనెను. నాలుగు ఫైనళ్లు ఓడినవాని మనఃస్థితి యెట్టిదో పుస్తకములు చదివి తెలుసుకొనవలసిన అగత్యము లేని గురువు అప్పుడు ముర్రే చెంత నుండుట నా దృష్టిలో అతని మహాభాగ్యము. నాలుగు వారములు తిరుగగనే అదే కోర్టున, అదే ఫెడరర్‌ను గెలిచి ముర్రే ఒలింపిక్ స్వర్ణము నందుకొనెను. సెప్టెంబరులో జొకోవిచ్‌పై అయిదు సెట్లు పోరాడి అమెరికా ఓపెన్ గెలిచెను. వెనుకాడక ఫోర్‌హాండును బలముగా కొట్టుట శిష్యుడు గురువువద్ద నేర్చిన విద్య; తప్పిన బంతిని తలచి కుములుట మానుట అంతకంటె పెద్ద విద్య.

2013 జూలై 7వ తేదీన జొకోవిచ్‌తో జరిగిన వింబుల్డన్ ఫైనలు చివరి గేమును చూచినవారికి ఈ రెండవ విద్య విలువ తెలియును. 40-0 వద్ద ముర్రే చేజిక్కిన మూడు ఛాంపియన్‌షిప్ పాయింట్లును జారిపోయెను. సర్వీసే పోవునట్టి స్థితి యేర్పడెను. వెనుకటి ముర్రే యైనచో ర్యాకెట్టుపై విసుగుకొని, తన్ను తాను నిందించుకొనుచు ఆ గేమును వదలుకొనెడివాడు. ఆనాడు మాత్రము ఒక్కొక్క పాయింటుగా తిరిగి నిలదొక్కుకొని, జొకోవిచ్ బంతి వలకు తగులునంతదాక నిబ్బరము వీడలేదు. 1936లో ఫ్రెడ్ పెరీ గెలిచిన పిదప 77 ఏండ్లకు బ్రిటిషు పురుషునకు ఆ టైటిలు లభించెను. 2014లో విడిపోయిన యీ గురుశిష్యులు 2016 జూనులో మరల కలిసినంతనే వింబుల్డన్, రియో స్వర్ణము, ఏడాది చివర ప్రపంచ ప్రథమస్థానము ముర్రేకు సిద్ధించుటను కేవలము యాదృచ్ఛిక మనుటకు నా మనస్సొప్పదు.

శిక్షకుల నెన్నుకొను మన క్రీడాసంఘముల పెద్దలు అభ్యర్థి గెలిచిన కప్పులతోబాటు, ఓడిన ఫైనళ్ల పిదప అతడేమి చేసెనో కూడ విచారింపవలెనని నా మనవి. వింబుల్డన్ పురుషుల సింగిల్స్ విజేతల పట్టికలో లెండిల్ పేరు లేదు; 2013, 2016 సంవత్సరముల కెదురుగా ముర్రే పేరున్నది. ఆ రెండు విజయములందును లెండిల్‌కు సగపాలు కలదని నా నిశ్చితాభిప్రాయము.

— క్రీడాప్రియుడు