పని ఉడిగిన గుర్రమునకు మన ఋణము



మన ఊళ్ళలో జట్కాలు చాలవరకు కనుమరుగైనవి. అయినను పెండ్లి ఊరేగింపులలో గుర్రములు నేటికీ కనబడుచున్నవి. అవి ముసలివైన పిదప ఏమగునో ఎన్నడైనను ఆలోచించితిరా? కొందరు పగ్గము విప్పి ఊరి బయట వదలివేయుదురు. “దాని మానాన అది బ్రతుకుతుంది” అందురు. ఇది విడుదల కాదు, ఆకలికి అప్పగించుట. ఆకలిదప్పులకు గురియగునట్లు జంతువును వదలివేయుటయు, వయసు ఉడిగి పనికి తగని జంతువుచే పని చేయించుటయు 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరములు.

అట్టి గుర్రమును చేరదీయువారికి జాలి ఒక్కటే చాలదు. మొదట పశువైద్యునిచే గ్లాండర్స్ వ్యాధికి రక్తపరీక్ష చేయించుడు. ఆ వ్యాధి మనుష్యులకును సోకును. 20 ఏండ్లు దాటిన గుర్రమునకు పండ్లు అరిగియుండును. సరిగా నమలలేక గడ్డిని ఉండలుగా జారవిడుచును. కనుక మేతను సన్నగా నరికి, ఉలవలు ఉడికించి, తవుడు తడిపి పెట్టుడు. 300 కిలోల గుర్రమునకు దినమునకు, ఎండు మేత లెక్కన, సుమారు 5, 6 కిలోలు కావలెను. నీరు ఎల్లప్పుడు అందుబాటులో ఉంచుడు. లాడములు తీయించి, 6 నుండి 8 వారములకు ఒకసారి గిట్టలు చెక్కించుడు. గుర్రము మందలో బ్రతుకు జంతువు. మరొక గుర్రము లేనిచో మేకనైనను తోడుంచుడు.

ఇంతవరకు చేయువారు కలరు. కాని చివరి ఘట్టమున చాలమంది వెనుదీయుదురు. “పెంచిన చేతులతో ప్రాణము తీయించుట పాపము కాదా?” అని అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. దీనికి సమాధానముగా ఈజిప్టులో జరిగిన ఒక సంగతి చెప్పెదను.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిదప బ్రిటిష్ సైన్యము తన గుర్రములను అనేకముగా అక్కడ అమ్మివేసినది. 1930లో కైరో చేరిన డొరోతీ బ్రూక్ అను ఆంగ్ల వనిత, అవి ఎముకలగూడులై బండ్లు లాగుచుండుట చూచినది. 1931లో ఆమె ఒక లండను పత్రికకు లేఖ వ్రాసి చందాలు సేకరించి, కొద్ది సంవత్సరములలో సుమారు 5,000 గుర్రములను కొన్నది. వాటిలో చాలవరకు కోలుకొను స్థితి దాటిపోయినవి. వాటికి కడుపునిండ మేత, మెత్తని పడక ఇచ్చి, పిమ్మట బాధ లేకుండ ప్రాణము తీయించినది. 1934లో అక్కడనే గుర్రములకు ఆసుపత్రి స్థాపించినది. ఆమెది దయయా, పాపమా? మీరే చెప్పుడు.

నా మట్టుకు దయ అనియే అందును. గుర్రము ఎక్కువకాలము పడియుండజాలదు. తన బరువే తన కండలను, ఊపిరితిత్తులను నలిపివేయును. లేవలేక, మేత ముట్టక, మందులకు తగ్గని బాధలో ఉన్నదని పశువైద్యుడు చెప్పిన తరువాత, మన మనసు ఒప్పలేదని దానిని దినముల తరబడి ఉంచుట దానికొరకు కాదు, మనకొరకు.

కాబట్టి ఆ దినమున పారిపోకుడు. దానికి తెలిసిన మనిషి దగ్గర నిలిచి, పిలిచే పేరుతోనే పిలిచి, మెడ నిమురవలెను. తోడున్న జంతువును చివరిసారి వాసన చూడనిండు. పశువైద్యుని ఇంజక్షను పని ముగించును. ఆ మందు కళేబరములో నిలిచియుండును గనుక కుక్కలకు, రాబందులకు అందకుండ, బావులకు దూరముగా లోతైన గోతిలో పూడ్చుడు.

గ్రామాధికారులకు ఒక మనవి. మీ ఊరి పొలిమేరలో ముసలి గుర్రము కనబడినచో మరొక ఊరికి తోలివేయకుడు. నీరు, మేత చూపి, పశువైద్యునికి కబురంపి, యజమానిని విచారింపుడు.

దాని వీపుపై బరువు మోపిన దినములను మనము లెక్కించుకొంటిమి. దాని చివరి దినములు కూడ మన లెక్కలోనివే.